సంబంధం కుదరాలంటే ఆ ఒక్క మాట దాచమంటున్నారు

సమస్య

మేము సిరిసిల్ల దిక్కు పద్మశాలీలం. మా ఆయన సాంచాల పని మీద సూరత్ వచ్చారు. పెళ్ళయ్యాక నేనూ వచ్చాను. ఇప్పుడు పర్వత్ పాటియాలో కిరాయి ఇంట్లో ఉంటున్నాం. నేను ఇంట్లోనే మార్కెట్ చీరలకు లేసు కుడతాను, రాళ్ళు అతికిస్తాను.

తొమ్మిదేళ్ళ కింద మా అమ్మకు జబ్బు చేస్తే పుట్టింట్లో చాలా రోజులు ఉన్నాను. అప్పుడు పక్కింటి వాళ్ళతో ప్రార్థనకు పోయాను. అమ్మ బతకలేదు. కానీ నాకు యేసు ప్రభువు మీద నమ్మకం నిలిచింది. మానేరులో బాప్తిస్మం తీసుకున్నాను. మా ఆయన నమ్మలేదు, అడ్డూ చెప్పలేదు. ఇక్కడ ఆదివారం తెలుగు ప్రార్థనకు పోయి వస్తుంటాను.

ఇప్పుడు మా బిడ్డకు సంబంధం వచ్చింది. వాళ్ళూ మా కులం వాళ్ళే, గోడాదరాలో ఉంటారు. పిల్లవాడు మార్కెట్లో శేఠ్ దగ్గర లెక్కలు రాస్తాడు. మా మరిది మధ్యలో ఉండి మాట్లాడుతున్నాడు. "వదినా, నువ్వు చర్చికి పోతవని వాళ్ళకు తెల్వదు. అడిగితే పోనని చెప్పు. పెళ్ళయ్యేదాకనే. దేవుడు మనసుల ఉంటే చాలదా?" అంటున్నాడు. గుజరాత్‌లో మతం మారినోళ్ళ మీద కేసులు పెడతారని భయపెడుతున్నాడు. పెళ్ళికి ముందు పోచమ్మకు బోనం నేనే ఎత్తాలని అత్తమ్మ పట్టు పట్టింది. మా పాస్టరుగారేమో ఆ పెళ్ళిలో నిలబడితే ప్రభువును కాదన్నట్టే అంటున్నారు.

నా వల్ల బిడ్డ పెళ్ళి ఆగిపోతే ఎట్లా? ఒక్క మాట దాస్తే అంత తప్పా? రాత్రి రాళ్ళు అతికిస్తుంటే చేతులు వణికి జిగురు చీర మీద పడుతోంది. ఏం చెయ్యమంటారు?

ఒక సోదరి, పర్వత్ పాటియా, సూరత్

సలహా

చెల్లెమ్మా, అడిగితే 'పోను' అని చెప్పకండి. మిగతా విషయాల్లో సర్దుకునే దారులున్నాయి, దీనికి లేదు.

దేవుడు మనసులో ఉంటాడన్న మీ మరిది మాట నిజమే. అయితే మనసులో నమ్మడం, నోటితో ఒప్పుకోవడం రెండూ కలిసే ఉండాలని పౌలు రోమా సంఘానికి రాశాడు. మీకొచ్చిన చిక్కు పాతదే. క్రీ.శ. 250లో రోమా చక్రవర్తి డేసియస్ జనమంతా దేవతలకు బలి ఇచ్చి, ఇచ్చినట్టు అధికారుల దగ్గర చీటీ తీసుకోవాలని ఆజ్ఞ వేశాడు. కొందరు క్రైస్తవులు బలి ఇవ్వకుండానే డబ్బు కట్టి చీటీ సంపాదించుకున్నారు. మనసులో క్రీస్తే ఉన్నాడు, చేత్తో బలీ ఇవ్వలేదు, అబద్ధమంతా కాగితం మీదే. కార్తేజ్ నగర బిషప్ సిప్రియన్ దాన్ని కూడా తప్పుగానే ఎంచాడు. ప్రాణాలు పోయే రోజుల్లోనే సంఘ పెద్దలు ఆ అబద్ధాన్ని అంత బరువుగా చూశారు. అయితే 251లో అక్కడ కూడిన సంఘ పెద్దలు అలాంటివాళ్ళను వెలివేసి ఊరుకోలేదు. పశ్చాత్తాపపడినవాళ్ళు తిరిగి రావడానికి దారి చూపారు. మీరు ఇప్పటికే ఎక్కడైనా భయపడి తడబడి ఉంటే ఇది గుర్తుంచుకోండి. ముమ్మారు బొంకిన పేతురునే ప్రభువు తిరిగి పిలిచి పని అప్పగించాడు.

ఇక బోనం సంగతి. మన తెలుగు నేల మీదే దీనికి దగ్గరి కథ ఒకటుంది. 1866లో తాళ్ళకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య ఒంగోలులో బాప్తిస్మం తీసుకున్నారు. తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ మనిషి ఆయన. ఆయన మాట విని పల్లెపల్లెలో మాదిగలు క్రీస్తును నమ్మారు. మిషనరీ జాన్ క్లౌ కాలంలో వాళ్ళు పెట్టుకున్న నియమాలు మూడే: ఆదివారం పని చెయ్యం, చచ్చిన పశువు మాంసం తినం, విగ్రహాలకు మొక్కం. అమ్మవారి జాతరలో డప్పు కొట్టడం వాళ్ళ వంతు పని. అది మానేసరికి ఊరి పెద్దలు పగబట్టారు. అంగట్లో సరుకు ఇవ్వనివ్వలేదు, నీళ్ళకు అడ్డం పడ్డారు. కూలి మీద బతికేవాళ్ళకు అదెంత దెబ్బో సూరత్‌లో చీరకు ఇంత అని లెక్కగట్టి పని చేసే మీకు నేను చెప్పక్కర్లేదు. అయినా వాళ్ళు ఆ మూడింటి దగ్గర నిలిచారు. ఆ జాబితా ఎంత చిన్నదో చూడండి. పొరుగువాళ్ళ పెళ్ళికి పోవద్దనీ, చుట్టాలతో తెగతెంపులు చేసుకోవాలనీ అందులో లేదు.

మీరూ అలాగే చెయ్యండి. బోనం ఎత్తడం పూజే కాబట్టి ఎత్తకండి. కానీ అత్తమ్మతో వాదం పెట్టుకోకండి. బోనం తప్పితే మనవరాలికి ఏమవుతుందోనని ఆ పెద్ద ప్రాణం భయపడుతోంది. ఆమె పక్కన కూర్చుని, "అత్తమ్మా, వంటంతా నేను చూసుకుంటా, చుట్టాలకు ఏ లోటూ రానివ్వను, బోనం మాత్రం చెల్లె ఎత్తుతది" అని మీ తోటికోడలి పేరు చెప్పండి. ఆమెను ముందే ఒప్పించుకోండి.

ఇక పెళ్ళిలో కన్యాదానానికి పీటల మీద కూర్చునే విషయంలో విశ్వాసులే ఒక్క తీరున ఆలోచించరు. నా అభిప్రాయం చెబుతాను. క్రతువులో కూర్చుని పెదవులు కదిపి లోపల నలిగిపోవడం కంటే మీ మరిది దంపతులను కూర్చోబెట్టడం మేలు. కన్యాదానం బాబాయి, పిన్ని చేతుల మీదుగా జరగడం మన ఇళ్ళల్లో కొత్తేమీ కాదు. మీరు మాత్రం పందిట్లోనే ఉండండి. కన్నతల్లి పందిట్లో ఉంటే ప్రభువును కాదన్నట్టు అవుతుందన్న పాస్టరుగారి మాటను నేను ఒప్పుకోలేను. అవిశ్వాసి భోజనానికి పిలిస్తే వెళ్ళండి, పెట్టింది తినండి, ఇది విగ్రహానికి అర్పించిందని ఎవరైనా చెబితే తినకండి అని పౌలు కొరింథీయులకు రాశాడు. ఆ ఇంటి గడప తొక్కవద్దని ఆయన అనలేదు. ఈ మాటే పాస్టరుగారితో వినయంగా మాట్లాడండి.

మీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. మరిది మాట ఉంది, అత్తమ్మ మాట ఉంది, పాస్టరుగారి మాట ఉంది. మీ అమ్మాయి ఏమంటోందో ఒక్క ముక్క లేదు. ఆమెకు పిల్లవాడు నచ్చాడా? తల్లి విశ్వాసం దాచి చేసే పెళ్ళి ఆమెకు ఇష్టమేనా? ఆమె కూడా ప్రభువును నమ్ముతోందా? ఆమె నమ్ముతున్నట్టయితే కథే మారిపోతుంది. అప్పుడు దాచమంటున్నది ఆమె బతుకునంతా.

పిల్లవాడి తల్లిదండ్రులకు ఖాయం చేసుకోకముందే చెప్పండి. మీ ఆయన పక్కన ఉండాలి. "నేను క్రీస్తును నమ్మినదాన్ని, ఆదివారం ప్రార్థనకు పోతాను. మీ ఇంటి పద్ధతులకు నేను అడ్డం రాను. తర్వాత తెలిసి బాధపడకూడదని ఇప్పుడే చెబుతున్నాం." ఇంతే చాలు. వాళ్ళు వద్దనవచ్చు. వద్దనరని నేను మీకు మాట ఇవ్వలేను. కానీ పర్వత్ పాటియాకూ గోడాదరాకూ ఎంత దూరం? మన తెలంగాణ నేత కుటుంబాలు ఒకరికొకరు తెలిసిన చోట ఇది ఎన్నాళ్ళు దాగుతుంది? పెళ్ళయ్యాక బయటపడితే "మీ అమ్మ మోసం చేసింది" అన్న మాట ఆ ఇంట్లో రోజూ పడేది మీరు కాదు, మీ బిడ్డ.

ఇక మీ మరిది భయపెడుతున్న కేసుల మాట. గుజరాత్ మత స్వేచ్ఛ చట్టం 2003లో వచ్చింది, 2021లో సవరించారు. బలవంతంగానో, ఆశ చూపో, మోసంతోనో మతం మార్చడం ఆ చట్టం ప్రకారం నేరం. మతమార్పిడి క్రతువు జరిపేవారు ముందుగా జిల్లా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలని కూడా అందులో ఉంది. మీరు బాప్తిస్మం తీసుకున్నది తెలంగాణలో, మీ ఇష్టంతో. ఆదివారం ప్రార్థనకు పోవడానికీ, క్రైస్తవురాలినని చెప్పుకోవడానికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు. అది రాజ్యాంగం 25వ అధికరణ ఇచ్చిన హక్కు. రేపు మీ అమ్మాయి సూరత్‌లో బాప్తిస్మం అడిగితే మాత్రం అక్కడి చట్టం తెలిసిన వకీలును ముందే కలవండి.

ముందు బిడ్డతో మాట్లాడండి, తర్వాత మీ ఆయనతో. ఇద్దరూ మీ వెంట ఉన్నాకే మరిదికి చెప్పండి. సంబంధం నిలిచినా, నిలవకపోయినా నాకు ఉత్తరం రాయండి.