ప్లస్ టూ తరువాత: గోపురము ఖర్చు లెక్క వేయుట

పాఠ్యభాగము: లూకా 14:28–30



ప్రతి సంవత్సరం ప్లస్ టూ ఫలితాలు వచ్చాక రెండు మూడు వారాలపాటు తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాల్లోని మన తెలుగు కుటుంబాలకు నిద్ర ఉండదు. మార్కుల గురించి కాదు, డబ్బు గురించి. మొన్న ఆరాధన అయిపోయిన తరువాత ఒక సహోదరి బైబిలులో మడిచి పెట్టుకున్న కాగితం ఒకటి తీసి చూపించింది. ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీవారు వ్రాసి ఇచ్చిన ఫీజు చీటీ అది. "అన్నా, పిల్లవాణ్ణి తిరుత్తణి గవర్నమెంటు కాలేజీలో వేస్తే నలుగురూ నవ్వుతారన్నా. అప్పు చేసైనా ఇందులోనే చేరుస్తాము" అన్నది. ఆ నవ్వు అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది.

గోపురము ఉపమానంలోనూ జనం నవ్వారు. కట్టదలచినవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలి, లేకపోతే పునాది వేసి ముగించలేక నవ్వులపాలవుతాడని ప్రభువు చెప్పాడు. జాగ్రత్తగా చదవండి. చిన్న గోపురం కట్టినందుకు ఎవరూ నవ్వలేదు. మొదలుపెట్టి ఆగిపోయినందుకు నవ్వారు. ఆ వాక్యం శిష్యత్వం గురించినదే, చదువు గురించినది కాదు, నిజమే. అయినా ప్రభువు ఉదాహరణను ఇంటి లెక్కల్లోనుండి తీసుకున్నాడు గనుక, మనం మళ్ళీ ఇంటి లెక్కకు దాన్ని వాడుకోవడంలో తప్పు లేదనుకుంటాను.

మనకు దగ్గరలో ఉన్నది ఏమిటో ముందు చూద్దాం. తిరుత్తణిలో శ్రీ సుబ్రమణ్యస్వామి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల ఉన్నది. పొన్నేరిలో లోకనాథ నారాయణస్వామి ప్రభుత్వ కళాశాల ఉన్నది. రెండూ మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధం. 1857లో పుట్టిన ఆ విశ్వవిద్యాలయానికి 2023లో న్యాక్ ఎ ప్లస్ ప్లస్ గ్రేడు ఇచ్చింది. ఆ మరుసటి సంవత్సరమే, 2024 ఫిబ్రవరిలో, పన్ను బకాయిల పేరిట ఆదాయపు పన్ను శాఖ దాని బ్యాంకు ఖాతాలను స్తంభింపజేసింది. పేరు పెద్దదే, చేతిలో డబ్బు తక్కువ. మనలో చాలామంది పరిస్థితీ అదే గదా!

ఇక ఖర్చు. ఈ రాష్ట్రంలో ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలల్లో ట్యూషన్ ఫీజు లేదు. ప్రత్యేక రుసుములు, పరీక్ష ఫీజు, పుస్తకాలు కలిపినా ఏడాదికి కొన్ని వేలతో సరిపోతుంది. కాని నిజమైన ఖర్చు అది కాదు. అదే పిల్లవాడు గుమ్మిడిపూండిలోనో శ్రీపెరుంబుదూరులోనో కాంట్రాక్టు పనికి పోతే నెలకు 12,000 తెస్తాడనుకోండి. మూడు సంవత్సరాలకు 4,32,000 రూపాయలు. ఆ డబ్బు వదులుకుని అతణ్ణి కాలేజీకి పంపుతున్నాము. ఫీజు లేదు గదా, ఊరకే చదువుతున్నాడు అనే తల్లిదండ్రులూ, ఊరకే కదా అని క్లాసు ఎగ్గొట్టే పిల్లలూ ఈ అంకెను ఒక కాగితం మీద వ్రాసి గోడకు అంటించుకోవాలి.

అప్పు చేసి చదివించే దారి ఎలా ఉంటుందో కూడా చూద్దాం. 2017లో ప్రభుత్వ ఫీజుల కమిటీ ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలకు, కౌన్సెలింగు సీటు అయితే, గుర్తింపు ఉన్న కోర్సుకు ఏడాదికి 55,000 అని నిర్ణయించింది. దానినే ఉదాహరణగా తీసుకుంటే నాలుగేళ్ళకు ట్యూషను ఒక్కటే 2,20,000. బస్సు, హాస్టలు ఇందులో లేవు. మేనేజిమెంటు సీటుకు ఇంకా ఎక్కువ. బ్యాంకులో నూటికి పది వడ్డీకి తీసుకుని, చదువు అయిన ఏడాది తరువాత కట్టడం మొదలుపెడితే, అప్పటికి వడ్డీ 77,000 చేరి బాకీ 2,97,000 అవుతుంది. ఐదేళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 6,300 కట్టాలి. మొదటి జీతం 15,000 అనుకుంటే అందులో ఇది ఎంత భాగమో మీరే చూడండి. మనవాళ్ళు చాలామంది బ్యాంకుకు పోరు. తెలిసినవారి దగ్గర మూడు రూపాయల వడ్డీకి తెస్తారు. రెండు లక్షలకు నెలకు 6,000 వడ్డీ. నాలుగేళ్ళలో 2,88,000 వడ్డీ కట్టినా అసలు రెండు లక్షలు అలాగే ఉంటుంది. ఇలా ఒక కుటుంబం నెల్లూరు వైపు ఉన్న ముక్క భూమి అమ్ముకోవడం నేను చూశాను. పిల్లవాడు మూడో సంవత్సరంలో మానేశాడు. పునాది మాత్రం మిగిలింది.

ఇంజనీరింగు వద్దని నేను చెప్పడం లేదు. ఆ సహోదరి కాగితం చూశాక నేను అడిగిన మొదటి ప్రశ్న, "అబ్బాయి ఆరో తరగతినుండి ఎక్కడ చదివాడమ్మా?" అని. అంతా ఇక్కడి గవర్నమెంటు స్కూలేనట. తమిళనాడులో ఆరునుండి పన్నెండు వరకు ప్రభుత్వ పాఠశాలలో చదివినవారికి ఇంజనీరింగు, వ్యవసాయం, న్యాయశాస్త్రం వంటి కోర్సుల్లో 2021నుండి 7.5 శాతం సీట్లు ప్రత్యేకించారు. వైద్యంలో 2020లోనే ఇచ్చారు. ఆ కోటాలో సీటు వస్తే ట్యూషను, హాస్టలు ఫీజు ప్రభుత్వమే భరిస్తుంది. దీనికి కౌన్సెలింగులో దరఖాస్తు చేయాలి. నేరుగా కాలేజీకి పోయి అడ్వాన్సు కడితే ఈ మేలు పోయినట్టే. ఆమెకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చీటీ వ్రాసి ఇచ్చినవారు చెప్పరు గదా!

ఇంజనీరింగు రానివారికి, ఇష్టం లేనివారికి, తిరుత్తణి డిగ్రీ దేనికి పనికివస్తుంది? ఇక్కడ రెండు దారులు వేరుగా చూడాలి. పరీక్ష వ్రాసి పొందే ఉద్యోగాలు ఒక దారి. గ్రూప్ 2, బ్యాంకు క్లర్కు, రైల్వేలో గ్రాడ్యుయేట్ పోస్టులు, పోలీసు ఎస్సై, వీటి ప్రకటనల్లో గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయపు డిగ్రీ అని మాత్రమే ఉంటుంది. అక్కడ తిరుత్తణి బి.ఎ.కూ మద్రాసులోని పేరున్న కాలేజీ బి.ఎ.కూ ఒకటే విలువ. రెండవది కంపెనీలు కాలేజీకే వచ్చి ఎంపిక చేసుకునే దారి. అందులో కాలేజీ పేరు, ఇంగ్లీషు మాట్లాడడం లెక్కకు వస్తాయి. చిన్న ఊరి ప్రభుత్వ కళాశాల అక్కడ వెనుకబడుతుంది. శాశ్వత అధ్యాపకులు చాలక అతిథి అధ్యాపకులతో నెట్టుకొస్తున్న శాఖలు చాలా ఉన్నాయి. దీన్ని దాచి పిల్లలను చేర్చవద్దు. తెలిసి చేరినవాడు మొదటి సంవత్సరంనుండే టైపింగు లోయరు, హయ్యరు పరీక్షలు కడతాడు, ఇంగ్లీషు పేపరు రోజూ చదువుతాడు. తెలియక చేరినవాడు మూడో ఏడు చివర ఆశ్చర్యపోతాడు.

ఇప్పుడు మన ఇళ్ళలో ఎక్కువ నొప్పి కలిగించే సంగతికి వస్తాను. అది తమిళం. ఈ ప్రాంతం చాలాకాలం చిత్తూరు జిల్లాలో ఉన్నది. పటాస్కర్ సిఫారసు మీద చేసిన చట్టంతో 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఇంట్లో తెలుగు, పాటల పుస్తకం తెలుగు, ప్రార్థన తెలుగు. కనుక పిల్లలకు తమిళం మాట్లాడడం వచ్చు, వ్రాయడం రాదు. 2021 డిసెంబరు ఉత్తర్వు తరువాత తమిళనాడు సర్వీసు కమిషన్ పరీక్షల్లో తమిళ పేపరు తప్పనిసరి అయింది. గ్రూప్ 4లో తమిళానికి 150 మార్కులు. అందులో 40 శాతం, అంటే 60 రాకపోతే మిగతా జవాబులు దిద్దరు. బ్యాంకు క్లర్కు ఉద్యోగానికి కూడా రాష్ట్ర భాష చదవడం, వ్రాయడం వచ్చి ఉండాలి. రైల్వే పరీక్ష మాత్రం తెలుగులో వ్రాయవచ్చు. తమిళం నేర్చితే తెలుగు పోతుందని భయపడే పెద్దలకు ఒక మాట. తెలుగును కాపాడవలసినది ఇల్లు, సండే స్కూలు. ఆ బాధ్యత మనం చేయక, తమిళ పరీక్ష తప్పించి తెలుగును కాపాడామనుకోవడం పిల్లల అన్నం మీద తెలుగు భక్తి చూపడమే.

తిరుపతి దగ్గరే కదా, మన భాషే కదా, 1954లో స్థాపించిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వేద్దామా అని కొందరు అడుగుతారు. దూరం నిజంగా తక్కువే. కాని 1974 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం అక్కడ 85 శాతం సీట్లు స్థానికులవి. ఇక్కడ ప్లస్ టూ చదివిన పిల్లవాడు స్థానికుడు కాడు. మిగిలిన 15 శాతంలో, తల్లిగాని తండ్రిగాని ఆంధ్రలో పదేళ్ళు నివసించి ఉంటే, ఆ ఋజువుతో ప్రయత్నించవచ్చు. ఒంగోలు, కావలి వైపునుండి వచ్చినవారికి ఇది పనికివస్తుంది. తిరుత్తణిలోనే తాతల నాటినుండి ఉన్నవారికి పనికిరాదు. ఆంధ్ర ప్రభుత్వ ఫీజు రీయింబర్సుమెంటు కూడా ఆ రాష్ట్ర నివాసులకే గనుక, చేతి డబ్బుతో చదవాలి.

ఈ నివాసం ముడి సర్టిఫికెట్ల దగ్గర ఇంకా బిగుసుకుంటుంది. ఒక రాష్ట్రపు షెడ్యూల్డు కులం హోదా, వలస వెళ్ళిన రాష్ట్రంలో చెల్లదని సుప్రీంకోర్టు 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో చెప్పింది. ఆంధ్రనుండి వచ్చినవారు అక్కడి కుల పత్రం చూపితే తమిళనాడు కౌన్సెలింగులో ఓ.సి.గానే లెక్కిస్తారు. ఎనిమిదినుండి పన్నెండు ఇక్కడే చదివినా అంతే. ఇక్కడి పాత కుటుంబాలు మాత్రం తాసిల్దారు దగ్గర ఇక్కడి పత్రమే తీసుకోవచ్చు. కనుక మన కుటుంబం ఎప్పుడు ఈ నేల మీదికి వచ్చింది అన్నది మామూలు కబురు కాదు. తాతగారి పట్టా, పాత రేషను కార్డు, బడి టి.సి. ఉంటే పారవేయవద్దు.

దీనితోపాటు, మనం చెవులు కొరుక్కునే మాట ఒకటి బయట అనుకుందాం. 1950 ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా హిందువులకు, 1956నుండి సిక్కులకు, 1990నుండి బౌద్ధులకు ఉన్నది, క్రైస్తవులకు లేదు. తమిళనాడులో షెడ్యూల్డు కులాలనుండి క్రైస్తవులైనవారు బి.సి. పట్టికలో ఉన్నారు, ఆంధ్రలో బి.సి.-సి. బాప్తిస్మం తీసుకుని, పత్రంలో హిందువని వ్రాయించుకుని సీటు పొందినవారు మన మధ్య ఉన్నారు. ఆ చట్టం న్యాయం కాదని నేనూ నమ్ముతాను. అయినా 2024 నవంబరులో పుదుచ్చేరి అభ్యర్థిని ఒకామె కేసులో సుప్రీంకోర్టు అటువంటి దావాను కొట్టివేసింది. ఉద్యోగం వచ్చిన ఇరవై ఏళ్ళకు కూడా ఆ పత్రం తిరిగి ముందుకు రావచ్చు. ఖర్చు లెక్కలో ఆ భయాన్ని కూడా వేసుకోవాలి. తమిళనాడు ఆది ద్రావిడ సంక్షేమ శాఖ స్కాలర్‌షిప్పులు కొన్ని క్రైస్తవులైనవారికి కూడా వర్తిస్తాయి. ఉన్నది ఉన్నట్టు వ్రాసి అడిగితే దొరికేవాటిని ముందు అడగండి.

తిరుత్తణి పేరు చెబితే రాధాకృష్ణన్‌గారి పేరు చెప్పకుండా ఎవరూ ఉండరు, నేనూ ఉండలేను. 1888లో అక్కడి తెలుగు కుటుంబంలో పుట్టి, స్కాలర్‌షిప్పుల మీద చదివి, వెల్లూరు వూర్హీస్ కళాశాలనుండి మద్రాసు క్రైస్తవ కళాశాలకు వెళ్ళారు. తత్వశాస్త్రం ఎందుకు తీసుకున్నారో తెలుసా? ఆ చదువు ముగించిన బంధువు ఒకరు తన పాత పుస్తకాలు ఇచ్చారట. మన సంఘాల్లో డిగ్రీ అయినవారి పుస్తకాలు, గ్రూపు పరీక్షల గైడ్లు అటకల మీద ఎలుకలు తింటున్నాయి. మందిరంలో ఒక బీరువా చాలు.

ఆడపిల్లల విషయంలో లెక్క ఇంకొక రకం. కొడుకుకు అప్పు, కూతురికి పెళ్ళి అనుకునే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఆరునుండి పన్నెండు వరకు ప్రభుత్వ బడిలో చదివిన అమ్మాయి పై చదువులో చేరితే 2022 సెప్టెంబరులో మొదలైన పుదుమైప్పెణ్ పథకం కింద నెలకు 1,000 రూపాయలు ఆమె ఖాతాలో పడుతుంది. మూడేళ్ళు నెలనెలా పడితే 36,000. 2024 ఆగస్టునుండి అబ్బాయిలకు తమిళ్ పుదల్వన్ పేరిట అదే మొత్తం ఇస్తున్నారు. డిగ్రీ వరకు చదివే అమ్మాయిలకు ఇంటినుండి కాలేజీకి రైల్వే సీజను టికెట్టు ఉచితం, సాధారణ టౌను బస్సులో ఆడవారికి 2021నుండి టికెట్టు లేదు. తిరువళ్ళూరు అమ్మాయి అరక్కోణం మీదుగా తిరుత్తణికి రైలులో పోవచ్చు. ప్రయాణంలో పోయే సమయం మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వరు. పొద్దున్నే నీళ్ళు పట్టే పని ఆ మూడేళ్ళు అన్నకు అప్పగించండి.

ఆ సహోదరి చీటీ వెనుక మేమిద్దరం ఈ లెక్కలన్నీ వేశాము. కౌన్సెలింగుకు ఒక దరఖాస్తు, తిరుత్తణి కళాశాలకు ఒక దరఖాస్తు వేయమన్నాను. రెండూ కలిపినా అడ్వాన్సులో వందో వంతు కాదు. సోమవారం ఇ-సేవ కేంద్రానికి వెళ్ళేటప్పుడు పిల్లవాడి టి.సి., మార్కుల పత్రం, ఆధారు, బ్యాంకు పుస్తకం, ఆరునుండి చదివిన బడుల హెడ్మాస్టర్ల సంతకంతో పత్రం తీసుకుపోవాలని వ్రాసి ఇచ్చాను. ఫీజు చీటీని ఆమె మళ్ళీ మడిచి బైబిలులోనే పెట్టుకున్నది.