ఎడమ చేతి సంగతి అడుగు తల్లీ

వడ్లమూడి
10 ఏప్రిల్ 2014

చిట్టితల్లికి తాతయ్య ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం నవమి నాడు అందింది. ఆ సాయంత్రమే మీ అమ్మ హైదరాబాదు నుంచి ఫోను చేసి ఒకటే ఏడుపు. నువ్వు ఉద్యోగం మానేసి, ఆ వైర్ల పెట్టెలు భుజాన వేసుకుని ఊళ్ళు తిరగబోతున్నావట. ఎవరు చెప్పారే అంటే, ఎవరో ఎవరితోనో అన్నారంది. నీ ఉత్తరం రెండోసారి చదివాను. అందులో అలాంటి మాటే లేదు. ఈ నెల 23 నుంచి ఆష్‌విల్‌లో మోగ్‌ఫెస్ట్ అనే సంగీతోత్సవమని, కీబోర్డు వాద్యకారుడు కీత్ ఎమర్సన్ వస్తున్నాడని, దగ్గర నుంచి చూసే వీలు దొరకవచ్చని, ఎదురుపడితే ఏం మాట్లాడాలో తెలియడం లేదని రాశావు. ఉద్యోగం సంగతి నువ్వూ మీ అమ్మా తేల్చుకోండి. ఏం మాట్లాడాలో తెలియడం లేదన్నావే, నాకు బెంగ పట్టుకుంది దాని మీద.

ముందు ప్రయాణం సంగతి. రాలీ నుంచి ఆష్‌విల్‌కి కారులో నాలుగు గంటల దారి అని మీ మామయ్య మ్యాపులో చూపించాడు. పగలే బయల్దేరు. అది కొండల ఊరు, ఏప్రిల్లో కూడా రాత్రుళ్ళు చలి ఉంటుందట. స్వెట్టరు మర్చిపోకు. చెవులకి ఏదన్నా కట్టుకో, చిన్నప్పటి నుంచీ నీకు చెవిపోటు ఉంది.

ఇక అసలు మాట. పెద్దవాళ్ళు ఎదురైనప్పుడు చాలామంది రెండే పనులు చేస్తారు. "మీరంటే మాకు ప్రాణం సార్" అంటారు, పక్కన నిలబడి ఫోటో దిగుతారు. ఫోటో దిగితే తప్పు లేదు, మాకూ పంపించు. కానీ ఎమర్సన్‌కి అరవై తొమ్మిదేళ్ళు. నలభై నాలుగేళ్ళుగా మోగ్ సింథసైజర్ మీద చెయ్యి వేస్తున్న మనిషి. ఆయన దగ్గరికి వెళ్ళి చేతి సంగతి అడగకుండా తిరిగి రావద్దు. ముఖ్యంగా ఎడమ చేతి సంగతి.

ఎందుకంటున్నానో చెబుతాను. మన పక్కనున్న సుద్దపల్లిలో పుట్టిన మహానుభావుడు ఈలపాట రఘురామయ్యగారు. నాకు ఇరవై దాటకముందు తెనాలిలో ఆయన కృష్ణుడి వేషం చూశాను. పద్యం అందుకుని రాగం తీస్తూ తీస్తూ, నోట్లో వేలు పెట్టి ఈల వేస్తే అదే రాగం ఈలలో సాగేది. జనం వన్స్ మోర్ అని అరుస్తుంటే నేను మాత్రం హార్మోనియం వైపు చూస్తూ కూర్చున్నాను. ఈలకి మెట్లు లేవు, ఎటు కావాలంటే అటు జారుతుంది. హార్మోనియానికి ఉన్నవన్నీ మెట్లే. మరి ఆ హార్మోనిస్టు ఆయన వెంట ఎలా పోతున్నాడు? ఎక్కడా తెగినట్టు లేదే! నాటకం అయ్యాక తెల్లవారుజామున ఆ హార్మోనిస్టు పెట్టె సర్దుకుంటుంటే దగ్గరికి వెళ్ళి అదే అడిగాను. "అయ్యా, మెట్టుకీ మెట్టుకీ మధ్య మీరు ఏం చేస్తున్నారు?" అన్నాను. ఆయన నా ముఖం వంక చూసి, సర్దిన పెట్టె మళ్ళీ తెరిచాడు.

కుడిచేతి వేళ్ళు కదులుతుంటే అందరూ అవే చూస్తారు నాయనా, ప్రాణం ఎడమ చేతిలో ఉంది అన్నాడు. తిత్తి ఒకే తీరుగా ఊదితే స్వరాలు పేర్చిన ఇటుకల్లా ఉంటాయి. గాయకుడు స్వరాన్ని ఊపే చోట తిత్తిని కాస్త బిగబట్టి వదలాలి, వేలు పక్క మెట్టుని తాకీ తాకకుండా పోవాలి. అది గమకం కాదు, గమకం ఉందన్న భ్రమ. ఆ భ్రమ కలిగించడానికే ఆయన జీవితమంతా సరిపోయింది. అప్పుడే రీడు విప్పి చూపించాడు. ఇత్తడి నాలుక కొసన సన్నగా గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. మన కోస్తా తేమకి రీడు మొరాయించినప్పుడల్లా ఈ విద్యే నన్ను కాపాడింది. మీ అమ్మమ్మ ఉండి ఉంటే, తెరిచిన పెట్టె ముందు నేను భోజనం మానేసి కూర్చున్న రోజులన్నీ నీకు చెప్పేది.

గమకం పలకలేని హార్మోనియం లోపం మనవాళ్ళకి ఎప్పుడో తెలుసు. పన్నెండు మెట్లు బిగించి ఉన్న వాద్యం మన రాగాలకి పనికిరాదని 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని బయట పెట్టింది. 1948లో విజయవాడ కేంద్రం వచ్చేనాటికీ ఆ నిషేధం ఉంది. 1971లో గానీ సడలలేదు. నాటకాల వాళ్ళం ఎంత బాధపడ్డా, ఆ మాటలో నిజం లేదని నేను అనలేను. రెండు మెట్ల మధ్య హార్మోనియంలో ఏమీ లేదు.

మోగ్ వాద్యంలో ఉంది! నువ్వు పంపిన "లక్కీ మ్యాన్" పాట చివర విన్నప్పుడు నేను లేచి నిలబడ్డాను తల్లీ. మంద్రంలో పట్టిన స్వరం జారుకుంటూ పైకి లేచి, మళ్ళీ వంగి, ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి మధ్య దూరమంతా నడిచి వెళ్ళింది. 1970 నాటి పాటట. ఎమర్సన్ సరదాగా వాయించి చూసినదాన్నే రికార్డులో ఉంచేశారని, ఆయనకి మాత్రం ఇంకోసారి వాయించాలని ఉండేదని నువ్వే రాశావు. ఆ తృప్తి లేకపోవడం నాకు నచ్చింది. రాబర్ట్ మోగ్ 1964లో ఆ యంత్రం తయారు చేశాడు, 1970లో మినీమోగ్ వచ్చినప్పుడు మెట్లకి ఎడమ పక్కన రెండు చక్రాలు పెట్టారు, అందులో ఒకటి స్వరాన్ని వంచడానికే. మెట్లు వాయించే చెయ్యి కుడిది, స్వరాన్ని వంచే చెయ్యి ఎడమది. నాకు గురువైన ఆ హార్మోనిస్టు తిత్తి మీద బిగబట్టి వదిలినదంతా ఆ చక్రం మీద ఉంది.

మన దగ్గరా బొంబాయిలో సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో పది రాగాలని సింథసైజర్ల మీద వాయించి రికార్డు తెచ్చాడు. ఆయన వాడిన పెట్టెల్లో ఒకదానికి స్వరం నుంచి స్వరానికి జారే సదుపాయం ఉంది. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్ళీ విడుదలయ్యాక ప్రపంచం చెవి ఒగ్గింది.

ఇప్పుడు మన దగ్గర ఎడమ చెయ్యి ఏం చేస్తోందో చూడు. పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో, తిరనాళ్ళ స్టేజీల మీద కీబోర్డు కుర్రాళ్ళని చూస్తుంటాను. కుడి చెయ్యి పరుగెత్తుతుంది. ఎడమ చెయ్యి మూడు మెట్లు నొక్కి పెట్టి నిద్రపోతుంది, డప్పులూ తాళాలూ అన్నీ పెట్టె తానే వాయించుకుంటుంది. ఆ చక్రం ఎందుకుందో అడిగితే కొందరికి తెలియదు. చక్రం మీద దుమ్ము ఉంటుంది తల్లీ, నేను వేలు పెట్టి చూశాను! ఇంత మంది ఇంజనీర్లు, ఇన్ని దేశాల వాళ్ళు మెట్ల వాద్యానికి గమకం తెచ్చిపెడితే, గమకం పుట్టిన దేశంలో దాన్ని తిప్పేవాడు లేకపోతే ఎట్లా? సంగీత దర్శకులు రాజ్–కోటి దగ్గర కీబోర్డు వాయించిన దిలీప్ అనే అబ్బాయే తర్వాత రెహమాన్ అయ్యాడు. మణిశర్మ కూడా కీబోర్డు దగ్గర్నుంచే వచ్చినవాడు. వాళ్ళ స్వరాలు వంగే తీరు విను. మెట్లు నొక్కడం వచ్చినవాళ్ళు అప్పుడూ వందలమంది ఉన్నారు.

నీ చెయ్యి ఎట్లా ఉందో నాకు తెలుసు. ఏడేళ్ళప్పుడు నా ఒళ్ళో కూర్చుని తిత్తి నువ్వు ఊదుతానని పట్టుబట్టేదానివి. అందరు పిల్లలూ మెట్ల కోసం కొట్టుకుంటే నువ్వు తిత్తి కోసం కొట్టుకున్నావు.

ఎమర్సన్ గురించి ఒక్క మాట నన్ను బాధపెట్టింది. వేదిక మీద ఆర్గన్ మెట్లలో కత్తులు గుచ్చేవాడని రాశావు. దసరాకి పెట్టెకి కుంకుమ బొట్టు పెట్టి దండం పెట్టుకునే ఇంట్లో పుట్టినవాళ్ళం, నాకు రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత మీ మామయ్య చదివి చెప్పాడు, మెట్టు నొక్కి ఉండి స్వరం అలాగే మోగుతుండటానికట. మన హార్మోనియానికి శ్రుతి మీటలు లాగి వదిలేస్తామే, పని అదే. అయినా కత్తి ఎందుకు? ఆయన్ని ఆ ప్రశ్న మాత్రం అడగొద్దు. వయసు మీద పడినవాళ్ళని కుర్రతనం గురించి నిలదీయకూడదు.

ఇంకొకటి అడగొచ్చు, మెల్లగా. 1993లో ఆయన కుడిచేతి నరానికి ఆపరేషన్ అయింది. చేతిని అతిగా వాడితే ఏమవుతుందో ఆయనకంటే ఎవరికీ తెలియదు. నువ్వు పగలంతా ఆఫీసులో కంప్యూటరు మీద, రాత్రంతా ఆ మెట్ల మీద. మణికట్టు కిందికి వంచి వాయించొద్దని ఎన్నిసార్లు చెప్పాను? మోచెయ్యి మెట్ల ఎత్తులో ఉండాలి, భుజం బిగుసుకోకూడదు, గంటకోసారి లేచి చేతులు విదిలించాలి. నీకేమన్నా అయితే నేను ఇక్కడినుంచి ఏం చెయ్యగలను?

అడగాల్సిన ప్రశ్న రాసి పెడుతున్నాను, ఇంగ్లీషులోకి నువ్వే మార్చుకో. "వేదిక మీద మీరు పొడుగాటి రిబ్బన్ మీద వేలు జార్చి స్వరాన్ని నడిపిస్తారు కదా. దాని మీద మెట్లు లేవు, గుర్తులు లేవు. స్వరం ఎక్కడ ఆగాలో ఆ వేలికి ఎలా తెలుస్తుంది? చెవి ముందు చెబుతుందా, చెయ్యి ముందు వెళుతుందా?" ఇంతే అడుగు, అడిగి ఊరుకో. నీ గురించి చెప్పుకోకు, పక్కన నీ స్నేహితులు ఫోటోకి తొందరపెట్టినా కదలకు. పని తెలిసినవాళ్ళకి పని గురించి అడిగేవాళ్ళు దొరకడమే అరుదు. వీలుంటే చెయ్యి పెట్టి చూపించమను. చూపిస్తే ఏ వేలు, ఎంత బరువు, మణికట్టు ఎక్కడ ఆనింది, అన్నీ ఆ రాత్రే కాగితం మీద రాసుకో. సెల్లులో కాదు, కాగితం మీద, బొమ్మ వేసి.

ఆ ఉత్సవానికి సంగీతకారుడు జొర్జో మొరోడర్ కూడా వస్తున్నాడన్నావు. ఆయన పాటలు యంత్రమే వాయించినట్టు ఉంటాయి, అదొక విద్య, వినాల్సిందే. కానీ సమయం చాలకపోతే ఎమర్సన్‌నే పట్టుకో.

మీ అమ్మతో నేను మాట్లాడతాను. ఉద్యోగం మానే ఆలోచన నిజంగా ఉంటే ముందు నాకు చెప్పు, కోప్పడను. నేను పగలు బళ్ళో పాఠాలు చెప్పి రాత్రి నాటకాలకి వాయించినవాణ్ణి, ఆ రెండు పడవల సంగతి మీ అమ్మ కంటే నాకు బాగా తెలుసు. వేళకి తిను. పెరుగన్నం మానకు. తిరిగొచ్చాక ఆదివారం పొద్దున మాకు తీరిక, అప్పుడు ఫోను చెయ్యి. ఆయన ఏం చెప్పాడో మాట పొల్లు పోకుండా చెప్పాలి. ఎడమ చేతిదే ముందు చెప్పు, మిగతా తర్వాత వింటాను.

ఆశీస్సులతో,
తాతయ్య