ముందు వంద లోపు!

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. రెండేళ్లుగా ఆదివారాలు గోల్ఫ్ ఆడుతున్నాను. స్కోరు 105 దగ్గరే ఆగింది. ఈ ఏడాదిలో 90కి రాగలనా?

జవాబు: 90 సంగతి తర్వాత చూద్దామండీ, ముందు 99 అనుకోండి. పార్ 72 కోర్సులో 90 అంటే సగటున హోల్‌కు ఒక్క షాటే ఎక్కువ. వారానికొక్కరోజు ఆటతో అది తొందరే. వచ్చే ఐదు రౌండ్లలో పట్‌లు, పెనాల్టీలు కార్డు మీద విడిగా రాయండి. పట్‌లు 36 దాటుతుంటే లోపం గ్రీన్ మీదే. చాలామంది మాత్రం డ్రైవర్ పట్టుకుని రేంజ్‌లో చెమటోడుస్తారు! మీరు సాధనలో సగం సమయం పటింగ్‌కు, చిప్పింగ్‌కు ఇవ్వండి. మూడడుగుల పట్‌లు వరుసగా పది పడేదాకా ఇంటికెళ్లొద్దు. మూడు నెలలకూ మార్పు లేకపోతే కోచ్‌కి స్వింగ్ చూపించండి. నడుమో మోచెయ్యో నొప్పెడుతుంటే ఆట ఆపి, ముందు డాక్టర్‌ను కలవండి.