ఇంటి రూటరు – దాని ద్వారములు

ఇంటర్నెట్టుగల ప్రతి గృహమునందును రూటరను చిన్న పెట్టె యొకటి యుండును. దానిని వాడువా రనేకులు గాని లోపలి పని నెఱిగినవారు కొలదిమంది. పై తరగతుల విద్యార్థులు కొందఱు ఇంటి కెమెరాను దూరమునుండి చూచుటకును, ఆటలాడుటకును దీని పోర్టులను తెఱచుచున్నారని వినుచున్నాము గావున ఈ విషయమును వ్రాయ నుద్దేశించితిమి.

మన బోర్డింగును తలంచుకొనుడు. బాలు రెందఱున్నను తపాలావారికి దాని చిరునామా యొక్కటియే. అటులనే ఇంటిలోని ఫోనులకును కంప్యూటరులకును రూటరు 192.168.1.5 వంటి లోపలి చిరునామాల నిచ్చును. ఇవి వెలుపల చెల్లవు. ఇవే యంకెలు లెక్కలేనన్ని యిండ్లలో నున్నవి. లోపలివా రెవరు ఎవరికి వ్రాసిరో వార్డెనుగారు పుస్తకమున గుఱుతు పెట్టుకొనినట్లే రూటరును పెట్టుకొని, జవాబు రాగానే అడిగినవానికే చేర్చును. గుఱుతు లేని యుత్తరము వచ్చెనా, పాఱవేయును. వెలుపలినుండి కెమెరా యేల కానరాదో ఇపుడు బోధపడినది గదా!

పోర్టనగా ఒక సంఖ్య; 0 మొదలు 65535 వఱకు గలవు. పోర్టు ఫార్వర్డింగనగా వార్డెనునకు ముందుగా నిచ్చిన యాజ్ఞ: ఈ సంఖ్యతో వచ్చినదెల్ల 5వ గదికి పంపుడని. సెట్టింగులలో వెలుపలి పోర్టు, లోపలి చిరునామా, లోపలి పోర్టు, టీసీపీయో యూడీపీయో వ్రాసిన చాలును. అయితే బాలుడు గది మారిన నేమగును? రూటరు చిరునామాలను కొంతకాలమునకే యిచ్చును. కావున డీహెచ్‌సీపీ రిజర్వేషను అను చోట ఆ యంత్రమున కొక చిరునామాను ముందే స్థిరపఱుపవలెను. ఈ పని విడిచి, నాలుగు దినములు నడచి చెడెనని రూటరును నిందించువారే హెచ్చు.

అంతయు సరిగా చేసినను ఒక్కొక్కప్పుడు ఫలము కలుగదు. రూటరుయొక్క వెలుపలి చిరునామా 100.64 మొదలు 100.127 వఱకు గల వరుసలో నున్నచో, కంపెనీవారు అనేక గృహములను ఒకే చిరునామా వెనుక నుంచిరని యర్థము. పాత పద్ధతి చిరునామాల ప్రపంచ భాండారము 2011 ఫిబ్రవరిలోనే ఖాళీయయ్యెను. అట్టిచో పబ్లిక్ చిరునామా నిండని కంపెనీవారినే యడుగవలెను.

తెఱచిన తలుపు మనకొఱకే తెఱచినది కాదు. 2016లో మిరాయి యను దుష్టప్రోగ్రాము ఇంటర్నెట్టంతయు తడవి, తయారైన నాటి పాస్‌వర్డులే యున్న కెమెరాలలోనికిని రూటరులలోనికిని 23వ పోర్టుగుండ జొరబడి, వానిని లక్షల సంఖ్యలో వశపఱచుకొనెను. ఆ అక్టోబరులో వానితోనే డైన్ అను సంస్థపై దాడి జరుగగా ట్విట్టరు మొదలగునవి కొన్ని గంటలు అనేకులకు అందకపోయెను. తమ యింటి కెమెరా ఆ దండులో నున్నదని యజమానులలో ననేకు రెఱుగనే యెఱుగరు.

తల్లులును చెల్లెండ్రును మసలు ఇంటి కెమెరాకు పోర్టు తెఱవవలదనియే మా యభిప్రాయము. రూటరులో వీపీయన్ సౌకర్యమున్న దానిద్వారా చూచుట మేలు. డీఎంజెడ్ అను మీట నొక్కిన పని సులువగునని చెప్పువారు కలరు. అది తలుపులన్నిటిని ఒకే యంత్రముమీదికి తెఱచుట. యూపీయన్‌పీ మన ననుమతి యడుగకయే తలుపులు తెఱచును గనుక ఆపివేయుడు. ఆటకొఱకు తెఱచిన పోర్టును పరీక్షింపదలచినచో వైఫై ఆపి, మొబైలు డేటాతో వెలుపలినుండి చూడుడు. లోపలినుండి చూచిన ఫలితము నమ్మదగినది కాదు. ఆట ముగిసిన పిదప ఆ పంక్తిని కొట్టివేయుడు.