శివయోగము - శిబిర సాధన

ఈ కాలమున నగరములందు శని, ఆదివారములలో యోగశిబిరములు విరివిగా జరుగుచున్నవి. 2015 నుండి జూన్ 21వ తేదీ అంతర్జాతీయ యోగదినముగా పాటింపబడుచున్నందున ఈ ఆసక్తి మరింత హెచ్చినది. ఇష్టలింగధారులమైన మనము ఇట్టి శిబిరమునకు పోయినపుడు అచట నేర్చు యోగమునకును, ఇంట చేయు లింగపూజకును గల సంబంధమేమి? దీనిని విచారించుటయే ఈ పాఠము ఉద్దేశము.

పతంజలి మహర్షి యమ, నియమ, ఆసన, ప్రాణాయామ, ప్రత్యాహార, ధారణా, ధ్యాన, సమాధులను ఎనిమిది అంగములుగా చెప్పెను. సుమారు 195 సూత్రములు గల ఆ గ్రంథమున ఆసన స్వరూపమును వివరించునవి మూడు మాత్రమే. అహింస, సత్యము మొదలగు యమములే తొలిమెట్టు. బసవేశ్వరులును సదాచారమునే శుద్ధికి మూలముగా బోధించిరి. కావున నడవడి దిద్దుకొనక ఆసనములు మాత్రమే అభ్యసించుట పునాది లేని గోడ వంటిది.

అల్లమప్రభువునకును, గోరక్షునకును జరిగిన సంవాదము ఇచట స్మరణీయము. గోరక్షుడు యోగబలమున వజ్రకాయమును సాధించినవాడు. అతని దేహమునకు తగిలిన కత్తి ఖంగుమని మ్రోగెనట. అదే కత్తి ప్రభుదేవుని దేహమున, ఆకాశమున దూసినట్లు, తగులక సాగిపోయెనట. దేహము గట్టిపడుట సిద్ధి. దేహాభిమానము కరగుట శివయోగము. ఆ ప్రభువు తుదకు శ్రీశైలమునందలి కదళీవనమున ఐక్యము చెందెనని మన పెద్దలు చెప్పుదురు.

ఇక సాధనాక్రమము. స్నానానంతరము విభూతి ధరించి, వెన్ను నిటారుగా నిలిపి, సుఖాసనమున కూర్చుండవలెను. ఇష్టలింగమును ఎడమ అరచేత నుంచి, దృష్టి నిలుచునంత ఎత్తున పట్టి, పంచాక్షరిని మనసులో జపించుచు చూపును లింగమునందే నిలుపవలెను. దీపకాంతి లింగముపై నల్లని పూతలో ప్రతిఫలించి మనసును తనవైపు ఆకర్షించును. చూపు బయటి వస్తువులనుండి మరలుట ప్రత్యాహారము. లింగమున నిలుచుట ధారణ. ఆ నిలుకడ తెగక సాగుట ధ్యానము. కన్నులు మండినచో బలవంతము చేయక రెప్పలు మూయవలెను. నేత్రరోగులు, రక్తపోటు గలవారు, గర్భవతులు వైద్యుని అడుగక దీర్ఘదృష్టిని, కుంభకమును అభ్యసింపరాదు.

ఈ సాధన షట్‌స్థలములతో ముడిపడి యున్నది. భక్తునికి శ్రద్ధ, మహేశునికి నిష్ఠ, ప్రసాదికి అవధానము, ప్రాణలింగికి అనుభవము, శరణునికి ఆనందము, ఐక్యునికి సమరసము - ఇవి భక్తి పరిపాకమునందలి ఆరు దశలు. రెండు దినములలో ఎవరును ఐక్యస్థలమును చేరజాలరు. శ్రద్ధ మొలకెత్తినచో శిబిరము సఫలమే.

ఆ మొలకకు నీరు పోయునవి కాయకము, దాసోహము. శరణులలో పెక్కురు అడవులకు పోలేదు. మడివాళ మాచయ్య బట్టలు ఉతుకుచు, అంబిగర చౌడయ్య పడవ నడుపుచు సాధించిరి. కావున శిబిరమున వంటశాలలో కూరలు తరుగుట, వడ్డించుట, పాత్రలు తోముట కూడ సాధనాభాగములుగా నుంచుట యుక్తము. స్త్రీపురుషులిరువురకును లింగధారణాధికారము సమానము. కనుక వంట స్త్రీల పాలికి, ధ్యానము పురుషుల పాలికి వదలుట శరణధర్మము కాదు.

శిబిరము ఆదివారము సాయంత్రము ముగియును. శివునికి ప్రియమైన సోమవారము నుండియే మన పరీక్ష. ఉదయమున పావుగంట లింగదృష్టి, పగలు న్యాయమైన కాయకము, ఆర్జనలో కొంత దాసోహము - ఈ మూడింటిని ప్రతి గృహమున నిలుపుకొందుముగాక!

శివార్పణమస్తు.