పొదుపు పిసినారితనం కాదు

జగిత్యాల, కోరుట్లలో ఎన్నో ఇళ్లు గల్ఫ్ సంపాదనపై, బీడీల కూలిపై నడుస్తున్నాయి. సిరిసిల్లలో సాంచాలు ఆగిన నెల ఇల్లు గడవడమే కష్టం. ఇంతగా చెమటోడ్చిన సొమ్మును ఎలా ఖర్చు చేయాలి?

దివ్య ఖుర్ఆన్ (25:67) దుబారాను, పిసినారితనాన్ని రెండింటినీ కాదని మధ్యేమార్గం చూపింది. దైవప్రవక్త (సఅసం) ఒక ముద్ నీటితో, అంటే లీటరుకు తక్కువ నీటితోనే వుజూ చేసేవారు. మనమో నల్లా విప్పి వదిలేస్తాం!

సోదరీమణులారా! బియ్యం పంట చేతికొచ్చే రోజుల్లో కొని నిల్వ చేసుకోండి. పసుపు కొమ్ములు కొని గిర్నీలో పట్టించుకోండి; కల్తీ భయం తగ్గుతుంది. చీటీ రాసుకునే బజారుకు వెళ్లండి. వడ్డీ అప్పుతో పెళ్లి విందులు చేయకండి. ఆ అప్పు తీర్చడానికి ఇంటి బిడ్డ మళ్లీ ఎడారి దారి పట్టాల్సి వస్తుంది.

మిగిలినది పిల్లల చదువుకు, పొరుగింటి పేదకు చేరితే అదే బర్కత్.