కోపాన్ని లెక్క రాసుకో

విజయనగరం

చిరంజీవి శ్రీనుకి,



నిన్న రాత్రి ఫోన్లో నువ్వన్న మాటల్లో నాకు తప్పేమీ కనపడలేదు. పన్నెండు గంటల డ్యూటీకి ఎనిమిది గంటల కూలీ. ఇరవయ్యో తేదీ దాటాక జీతం. అడిగితే ‘ఇష్టం లేకపోతే మానేయ్, నీ వెనక పదిమంది ఉన్నారు’ అని జవాబు. ఇంత జరిగాక కోపం రాకపోతేనే వింత. అయితే రేపు వెళ్లి సూపర్‌వైజర్ కాలర్ పట్టుకుంటానన్నావే, అక్కడే నీతో నాకు పేచీ. నువ్వు చెయ్యి చేసుకున్నావంటే జీతం సంగతి పక్కకు పోయి నీ ప్రవర్తన మీదే పంచాయితీ నడుస్తుంది. వాళ్లకు కావలసిందీ అదే.

జూట్ మిల్లు టైమాఫీసులో ఉద్యోగమంతా మస్టర్లు రాసినవాణ్ణి. గేటు దగ్గర కేకలేసి గెలిచినవాళ్లని చూసింది తక్కువ. తేదీ, షిఫ్టు, గంటలు సొంతంగా రాసుకున్న మనిషి ఎదురుగా నిలబడితే మాత్రం మేనేజరు గొంతు తగ్గేది.

అందుకని ముందు ఓ నోటుబుక్కు కొను. ఎన్నింటికి లోపలికెళ్లావు, ఎన్నింటికి బయటికొచ్చావు, ఏ బ్లాకులో చేశావు, ఎవరు ఆపారు... రోజూ రెండు లైన్లు చాలు. గేట్‌పాసు, జీతం పడినప్పటి బ్యాంకు మెసేజీ, ‘ఇవాళ డబుల్ చెయ్యాలి’ అని వాళ్లు పెట్టిన వాట్సాప్, ఏదీ చెరపకు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టకు.

2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చాయి. వాటి మీద యూనియన్లకు చాలా అభ్యంతరాలున్నాయి, ఆ చర్చ వేరు. నీకు పనికొచ్చేవి చెప్తాను. నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోగా ఇవ్వాలి. ఓవర్‌టైముకు రెట్టింపు రేటు ఇవ్వాలి, అసలు ఓవర్‌టైము చేయించాలన్నా నువ్వు ఒప్పుకోవాలి. అపాయింట్‌మెంట్ లెటరు ఇచ్చి తీరాలి. నువ్వు మానేసినా, వాళ్లు తీసేసినా రెండు పనిదినాల్లో జీతం బాకీ తేల్చాలి. నీలా కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లకు కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే కంపెనీయే కట్టాలి. ఈ చివరిది 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం నుంచీ ఉన్నదే. కాబట్టి ‘మాకు సంబంధం లేదు, మీ కాంట్రాక్టర్ని అడుక్కో’ అని హెచ్ఆర్ వాళ్లంటే నమ్మకు. నీ కోపం తమదాకా రాకూడదనే కదా కంపెనీలు మధ్యలో కాంట్రాక్టర్ని పెట్టుకునేది!

పీఎఫ్ పాస్‌బుక్ ఈ ఆదివారమే ఉమంగ్ యాప్‌లో తెరిచి చూడు. నీ వాటా 12 శాతం, వాళ్ల వాటా 12 శాతం. కొందరు కాంట్రాక్టర్లు రెండూ కార్మికుడి జీతంలోంచే కోసేస్తారు. అది నేరం. నీ జీతం నెలకు 21,000 రూపాయల లోపు కనక ఈఎస్ఐ నంబరు అడిగి తీసుకో. పనిలో దెబ్బ తగిలి కదల్లేకపోతే, చేరిన మొదటిరోజైనా సరే, ఈఎస్ఐ నుంచి వేతనంలో 90 శాతం వస్తుంది.

డబ్బుకన్నా ముందు ప్రాణం. 2024 ఆగస్టు 21న మీ పక్కనే అచ్యుతాపురం సెజ్‌లో ఫార్మా కంపెనీ పేలుడుకు 17 మంది పోయారు. మీ ప్లాంటులోనూ సాల్వెంట్ వాసన తేడాగా తగిలితే షిఫ్ట్ ఇన్‌చార్జికి నోటితో చెప్పి ఊరుకోకు, మెసేజీ కూడా పెట్టు. ఎంత తొందరపెట్టినా మాస్కు లేకుండా లోపలికెళ్లకు.

ఇంకో మాట. ‘ఒడిశావాళ్లు, బీహారువాళ్లు తక్కువకి ఒప్పుకోబట్టే మాకీ గతి’ అన్నావు. ఊరు వదిలి, అప్పు తీర్చడానికొచ్చి, షెడ్డులో పదిమందితో పడుకునేవాడు నీ కూలీ తగ్గించలేదురా. ఇద్దరికీ రేటు కట్టిందొకడే. వాళ్లనీ కలుపుకో. ఒక్కడివే వెళ్తే గుర్తుపెట్టుకుని గేటు బయట నిలబెడతారు. పాతికమంది సంతకాలతో అర్జీ వెళ్తే ఎవర్ని తియ్యాలో వాళ్లకే తోచదు. ముందు కంపెనీకి ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. వారం పది రోజుల్లో కదలిక లేకపోతే అసిస్టెంట్ లేబర్ కమిషనర్ దగ్గరికి వెళ్లండి. యూనియన్ వాళ్లని వెంట తీసుకెళ్లండి. ఒక్క వాయిదాతో తేలదు, అది ముందే అనుకో.

ఇంత చేశాక కూడా అక్కడ ఉండలేనంటే మానెయ్, నేనేమీ అనను. కానీ వేరేచోట పని ఖాయం చేసుకుని, రాజీనామా రాతపూర్వకంగా ఇచ్చి, పీఎఫ్‌లో నువ్వు మానేసిన తేదీ ఎక్కించారో లేదో చూసుకుని మరీ రా. రావలసిన జీతం మీద మూడేళ్లలోపు దావా వేసుకోవచ్చు. మానేశావు కదాని బాకీ మాఫీ కాదు.

పాస్‌బుక్‌లో ఏముందో ఆదివారం సాయంత్రం ఫోన్ చేసి చెప్పు. అర్జీ ఇద్దరం కూర్చుని రాద్దాం.

ఇట్లు,
మావయ్య